మరిది తెచ్చిన మాగ్నెటో

పెద్దక్క చెయ్యి ఎలాంటిదో తెలియనివాళ్ళు ఆ బజారులో ఇద్దరే ఉంటారు: నిన్న కొత్తగా అద్దెకు దిగినవాడు, ఇంకా పుట్టనివాడు. తండ్రి పోయిన మర్నాడే ఆమె మాంసం కొట్టులో మొద్దు ముందు నిలబడి కత్తి అందుకుంది. అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఆడపిల్ల కదా, బెదిరిస్తే బెదురుతుందేమో చూద్దామని మొదటి వారంలోనే ఒక లారీ డ్రైవరు బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పెద్దక్క కత్తి కింద పెట్టింది. పెట్టాకే కొట్టింది. ముక్కు ఎముక విరిగిన చప్పుడు తన దాకా వినబడిందని నాలుగు గుమ్మాల అవతలున్న మందుల షాపాయన ఇప్పటికీ చెబుతాడు. ఆయన కొంచెం కలిపి చెప్పే మనిషే గానీ, ముక్కు విరగడం మాత్రం నిజం.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఆ చేతి దెబ్బ రుచి చూసినవాళ్ళు తక్కువేం లేరు. కట్టేసి ఉన్న కుక్కను రాళ్ళతో కొట్టి ఆనందిస్తున్న కాలేజీ వాడొకడు, తూకంరాయి జేబులో వేసుకోబోయినవాడొకడు, "ఆడదానికి ఇంత పొగరా" అన్న కౌన్సిలరు బామ్మర్ది ఒకడు. కోపం ముక్కుమీద ఉంటుందంటారు, పెద్దక్క కోపం పిడికిట్లో ఉండేది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ళలో కణుపులు రెండూ చిట్లి, మాని, మళ్ళీ చిట్లి రేగుకాయల్లా ఉబ్బిపోయాయి. ఎడమచేతి ఉంగరపు వేలి కొస మాత్రం మనుషుల వల్ల పోలేదు, కత్తి జారి పోయింది. ఆ రోజు కూడా తెగిన తునకను పక్కకు నెట్టి, వేలికి గుడ్డ చుట్టుకుని, వరసలో ఉన్న ఇద్దరికీ మాంసం కొట్టి ఇచ్చాకే ఆసుపత్రికి వెళ్ళింది.

ఆ చెయ్యి ఒక్కసారైనా లేవనిది చెల్లెలి మీదే. చిన్నది ఆమె కన్నా పన్నెండేళ్ళు చిన్న. తల్లి దాన్ని కని కన్నుమూసింది. పాలు పట్టడం, జడ వేయడం, లెక్కలు రాకపోతే పక్కన కూర్చుని తనూ ఏడవడం, అన్నీ పెద్దక్కే. తనకంటూ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. చిన్నదాని పెళ్ళి మాత్రం దగ్గరుండి చేసింది. "నా చెల్లెలి ఒంటి మీద చెయ్యి వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు" అని పెళ్ళిలో అందరి ముందూ నవ్వుతూ అంది. అందరూ నవ్వారు, పెళ్ళికొడుకు కూడా నవ్వాడు. కొంప ముంచింది ఆ ధీమాయే. ఊరంతా తన పిడికిలికి భయపడుతుంటే తన ఇంటి అల్లుడికి భయం ఉండదా అనుకుంది. దీపం కిందే చీకటి అని మనం ఊరికే అంటామా?

ఇక ట్రాక్టర్ల సంగతి. కొట్టు వెనక రేకుల షెడ్డులో మూడు తోట ట్రాక్టర్లు ఉండేవి. తోట ట్రాక్టరంటే పొలాల్లో తిరిగే ఏనుగు కాదు. నడుమెత్తు ఉంటుంది, ఒకటే సిలిండరు, చెట్ల వరసల మధ్య దూరి దున్నడానికి, గడ్డి కొయ్యడానికి, చిన్న తొట్టి లాగడానికి. వాటిలో మొదటిది తండ్రిది. ఎముకలూ తోళ్ళూ ఊరిబయట గోతికి తోలడానికి ఆయన వాడేవాడు. ఆయన పోయాక అది బిగుసుకుపోయింది. ఒక సెలవు రోజు పెద్దక్కకు ఏమీ తోచక, మేకను విప్పినట్టే దాన్ని విప్పింది. బోల్టులన్నీ వరసగా గుడ్డ మీద పేర్చి, మూడు వారాల్లో తిరిగి బిగించి తాడు లాగితే అది దగ్గి, పొగ కక్కి, బతికింది. కోసే చేతులకు కలపడం కూడా వచ్చునని ఆమెకు అప్పుడే తెలిసింది. పొద్దస్తమానం మొద్దు మీద ముక్కలు చేసే మనిషికి, సెలవు రోజున ముక్కల్ని ఒక్కటి చేస్తుంటే కలిగే హాయి ఇంతా అంతా కాదు.

రెండోది పాత నర్సరీలో దొరికింది. మూడోది ఎర్రది. దాని కథే వేరు. అరవై ఏళ్ళ నాటిది, చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఒక మామిడితోటలో కోళ్ళు దాని మీద నిద్రపోతుంటే చూసి, కోళ్ళను తోలి, బండిని తెచ్చుకుంది. పిస్టన్ సిలిండరులో తుప్పుతో అతుక్కుపోయింది. అలాంటప్పుడు సుత్తితో బాదితే సిలిండరు పగులుతుంది. డీజిలూ నూనే కలిపి పోసి, రోజుకోసారి చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టాలి, అంతే. ఇరవై ఆరు రోజులు తట్టింది. మనుషులకు ఇరవై ఆరు సెకన్ల గడువివ్వని పెద్దక్క! ఇరవై ఏడో రోజున పిస్టన్ వెంట్రుకవాసి కదిలితే బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని ఏడ్చింది.

కానీ ఎర్రదానికి సగం సామాను లేదు. కార్బొరేటరు లేదు, స్టీరింగ్ చక్రం లేదు, ముందు చక్రాలు లేవు, అన్నిటికీ మించి మాగ్నెటో లేదు. ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చేది మాగ్నెటోనే, అది లేని ఇంజను ఇనుపదిమ్మతో సమానం. ఇవి కొత్తవి ఎక్కడా దొరకవు. పాత ఇనుప సామాను కొట్లలో, తుక్కు గుట్టల అడుగున, అదృష్టముంటే దొరుకుతాయి. పెద్దక్క అదృష్టమేమిటంటే ఆమె మరిదిది, అంటే చిన్నదాని మొగుడిది, పాత ఇనుము వ్యాపారం.

మరిది నోట్లో వేలు పెడితే కొరకలేనివాడని బజారులో పేరు. గొంతు పెంచడు, తల ఎత్తి మాట్లాడడు. "వదినా, టీ తాగావా?" అని అడగందే కబురు మొదలుపెట్టడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళు ఇలాగే ఉంటారు మరి. వాడు పెళ్ళాన్ని కొట్టేవాడు. తాగి కాదు, కోపం వచ్చి కూడా కాదు. తలుపు వేసి, చొక్కా విప్పి మేకుకు తగిలించి కొట్టేవాడు. కొట్టాక భయం పట్టుకునేది. భయం పెళ్ళాం గురించి కాదు, పెద్దక్క పిడికిలి గురించి. ఆ భయంలో తన ఇనుప గుట్టలన్నీ గాలించి ఎర్రదానికి పనికొచ్చేది ఏదో ఒకటి పట్టుకుని షెడ్డుకు వచ్చేవాడు.

మొదట కార్బొరేటరు వచ్చింది. ఆ వారం చిన్నదాని మణికట్టుకు సిమెంటు కట్టు. బాత్రూంలో జారిందట. ఏడాదికి స్టీరింగ్ చక్రం వచ్చింది. చిన్నదాని కనుబొమ మీద అయిదు కుట్లు. అలమర తలుపు తగిలిందట. ఆ తర్వాత ముందు చక్రాల జత వచ్చింది, రబ్బరు కూడా చెడిపోలేదు. అప్పుడు చిన్నదానికి పదిహేను రోజులు జ్వరం, ఎవరినీ రావద్దందట. మీకు అర్థమైంది. పెద్దక్కకు కాలేదు. కాలేదంటే తెలివి లేక కాదు. స్టీరింగ్ చేతిలో పడగానే ఆమెకు ఇక లోకం కనబడేది కాదు. దాని ఆకుల మీద తుప్పు గీకుతూ "మా మరిది బంగారం" అని మందుల షాపాయనతో చెప్పుకునేది.

కుట్లు విప్పిన తర్వాత ఒకరోజు చిన్నది షెడ్డుకు వచ్చింది. పెద్దక్క ఎర్రదాని కింద పడుకుని గేరుపెట్టె బిగిస్తోంది, కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. చిన్నది నూనె డబ్బా మీద కూర్చుంది.

"అక్కా, ఒక మాట చెప్పాలి."

"చెబుదువుగాని, ముందు ఆ పదమూడు స్పానర్ ఇలా అందించు."

చిన్నది వెతికి అందించింది.

"ఊఁ, ఏంటీ?"

"ఏం లేదులే. అన్నం తిన్నావా?"

"ఇది బిగించి తింటా. నువ్వెళ్ళి పెట్టుకు తిను, గిన్నెలో ఉంది."

చిన్నది వెళ్ళిపోయింది. తిన్నదో లేదో కూడా పెద్దక్క చూడలేదు.

అలా మూడేళ్ళలో ఎర్రది పూర్తయింది, ఒక్క మాగ్నెటో తప్ప. పెద్దక్క మరిదిని సతాయించడం మొదలుపెట్టింది. కొట్టుకు వచ్చినా అదే, ఫోన్ చేసినా అదే. "ఏం మరిదీ, దొరికిందా? నీ గుట్టల్లో ఉండే ఉంటుంది, సరిగ్గా వెతకవయ్యా!" వాడికి అది దొరికి నాలుగు నెలలైంది. డబ్బాలో పెట్టి, బీరువా మీద దాచాడు. అవసరం పడినప్పుడు ఇవ్వొచ్చని.

ఆ రోజు కొట్టుకు వారపు సెలవు. పొద్దున తొమ్మిదిన్నరకు మరిది వచ్చాడు, చేతిలో రేకు డబ్బా.

"వదినా, టీ తాగావా?"

"టీ సంగతి తర్వాత, అందులో ఏముంది?"

మూత తీసి చూపించాడు. మాగ్నెటో! పెద్దక్క రెండు చేతులూ ఏప్రానుకు తుడుచుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. తుప్పు పైపైనే ఉంది, ఇరుసు తిరుగుతోంది, అయస్కాంతంలో బలం ఉంది.

"నీ రుణం ఎలా తీర్చుకోనయ్యా! మా చిన్నదేదీ, తీసుకురాలేదే?"

"తలనొప్పని పడుకుంది వదినా. లేపకండి అంది."

అప్పుడు చూసిందామె వాడి కుడిచెయ్యి. చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ళలో తోలు లేచి నెత్తురు చెమరుస్తోంది.

"అదేంటయ్యా?"

"ఇది విప్పుతుంటే స్పానర్ జారింది వదినా."

"అయ్యో, నా కోసం చెయ్యి చిత్రవధ చేసుకున్నావే" అంటూ లోపలికి వెళ్ళి టింక్చరు సీసా, దూది తెచ్చింది. వాడి చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, మంట పుట్టకుండా ఊదుతూ, దూదితో అద్ది, గాజుగుడ్డ చుట్టి ముడి వేసింది. వాడు తల దించుకుని కూర్చుని "చాల్లే వదినా, చాల్లే" అన్నాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

చెల్లెలికి తలనొప్పి అంటే ఇంకో రోజైతే వెళ్ళి చూసొచ్చేదేమో. ఒంటిగంటలోపు వెళ్దాంలే అనుకుంది. ముందు దీన్ని ఒకసారి బిగించి చూస్తే పోయేదేముంది?

మాగ్నెటోను పెట్రోల్‌తో కడిగింది. లోపల కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లను సన్నటి ఆకురాయితో రుద్దింది. వాటి మధ్య సందు బ్లేడు మందాన పెట్టింది. బండికి బిగించి, ప్లగ్గు కన్నంలోంచి స్క్రూడ్రైవరు దించి, పిస్టన్ పైకొచ్చే చోటు పట్టుకుంది. పాయింట్లు సరిగ్గా ఏ క్షణాన విడిపోతాయో కళ్ళకు దొరకదు. అందుకని వాటి మధ్య సిగరెట్టు చుట్టే పల్చటి కాగితం పెట్టి, ఫ్లైవీలును వేలెడు వేలెడు తిప్పుతూ కాగితాన్ని లాగి చూస్తారు. పట్టు వదిలిన చోటే నిప్పు పుట్టే చోటు. పెద్దక్క ఊపిరి బిగబట్టి తిప్పుతోంది. బయట ఎవరో తలుపు కొట్టారు, పలకలేదు. ఫోన్ ఒకసారి మోగి ఆగింది, చూడలేదు.

పది దాటి నలభై నిమిషాలైంది. తాడు చుట్టి, కాలు తన్నిపెట్టి లాగింది. నిప్పు ఒక పిసరు ముందే పడినట్టుంది. ఇంజను ముందుకు తిరగాల్సింది ఎదురు తన్ని, తాడుతో సహా పెద్దక్కను గుంజేసింది. ముఖం పోయి పెట్రోలు ట్యాంకు అంచుకు కొట్టుకుంది. పైపెదవి రెండుగా చీలింది, ముందు పన్ను ఊగింది, గడ్డం మీదుగా నెత్తురు ధారగా కారి ఏప్రాను తడిసింది. ఆమె నవ్వింది! "ఒసేయ్, బతికే ఉన్నావే" అని బండిని తిట్టి, నెత్తురు ఉమ్మి, మాగ్నెటోను ఒక గీత వెనక్కి తిప్పి బిగించి మళ్ళీ లాగింది. మూడో లాగుకు ఎర్రది పేలింది. సైలెన్సరు ఇంకా పెట్టలేదు. షెడ్డు రేకులు ఊగిపోయాయి. అరవై ఏళ్ళ ముసలిది కాళ్ళూ చేతులూ విదిలించి లేచినట్టు లేచింది.

ఆ మోతలో, ఆ ఆనందంలో, ఆమె పెదవికి మందు అద్దుకుందామని టింక్చరు సీసా అందుకుంది. సీసా పట్టుకున్న తన చేతిని చూసింది. రెండు కణుపులు, రేగుకాయల్లా ఉబ్బినవి. చూపుడువేలు, మధ్యవేలు.

స్పానర్ జారితే దెబ్బ అక్కడ తగలదు. ఏ ఇనుప అంచో వేళ్ళ మీద తోలును ఒక పక్కకు చీరేస్తుంది, ఆమెకు వంద సార్లు తగిలింది. ఆ రెండు కణుపుల మీద గుండ్రంగా తోలు లేచేది ఒక్కందుకే. లారీ డ్రైవరు ముక్కు విరిచిన రోజు ఆమెకు లేచినట్టు. మనిషి ఎముక మీద పిడికిలి పడితేనే.

ఆ తర్వాత మిగతావన్నీ వాటంతట అవే వరసకట్టాయి. కార్బొరేటరు, మణికట్టు. స్టీరింగ్, కనుబొమ. చక్రాలు, జ్వరం. మాగ్నెటో? ఆ చేతికి తనే మంట పుట్టకుండా ఊదింది. పెద్దక్క కడుపులోంచి ఒక అరుపు వచ్చింది గానీ ఎర్రదాని మోతలో ఆమెకే వినబడలేదు.

ఫోన్ తీసి చూస్తే ఇందాక ఎత్తని పిలుపు చెల్లెలిదే. తిరిగి చేస్తే స్విచ్చాఫ్. కొట్టు ఆటోను పనివాడు సెలవుకు తీసుకుపోయాడు. కళ్ళ ముందు తిరుగుతున్న ఇంజను ఇదొక్కటే. మేకల్ని కట్టే ఇనుప గొలుసు సీటు కింద పడేసి, ఎక్కి, క్లచ్ వదిలింది.

మైలున్నర దూరం. ఎర్రది మూడో గేరులో మనిషి పరుగంత వేగం పోతుంది, అంతకు మించి చచ్చినా పోదు. బస్సులు హారన్ కొట్టి దాటిపోయాయి. సైకిలు మీద ఒక ముసలాయన దాటిపోతూ ఆమె ముఖం చూసి భయపడి పక్కకు దిగాడు. గడ్డం నుంచి మోకాళ్ళ దాకా నెత్తురు, ఆపైన చెవులు చిల్లులు పడే మోత. జనం నవ్వారట. ఎవరు నవ్వారో తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు.

మరిది ఇల్లు వాడి ఇనుప గుట్టల వెనకే. ముందు గదికి నిలువెత్తు ఇనుప గ్రిల్ తలుపు, దానికి బయట తాళం. వాడు గుట్ట పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. బండిని చూసి గ్లాసు పట్టుకునే లేచాడు. వాడి ముఖంలో నిజమైన సంతోషం. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

"స్టార్టయిందే వదినా! అయ్యో, పెదవికేమైంది?"

"తాళంచెవి ఇవ్వు."

"పడుకుంది వదినా, తలనొప్పని..."

"తాళంచెవి."

వాడు ఇవ్వలేదు, అలాగని లేదనీ అనలేదు. ఆమె ఇక అడగలేదు. బండిని వెనక్కి తిప్పి, గొలుసు ఒక కొసను గ్రిల్ కమ్మీలకు, రెండో కొసను బండి వెనక అన్నిటికన్నా కిందనున్న కొక్కేనికి తగిలించింది. పైన తగిలిస్తే ఇంత చిన్న బండి ముందు కాళ్ళు లేపి నడిపేవాణ్ణే కింద వేసుకుంటుంది. అంత కోపంలోనూ ఆమె చేతులు ఆ సంగతి మరిచిపోలేదు.

గొలుసు బిగుసుకుంటుండగా వాడు వెనక నుంచి వచ్చి నీళ్ళ పైపు ముక్కతో ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక పుటుక్కుమంది. ఎడమచెయ్యి వేలాడిపోయింది. ఆమె క్లచ్ తొక్కి, గేరు తీసి, దిగింది. రెండోసారి పైపు ఎత్తాడు. అది కిందికి దిగేలోపే పెద్దక్క పిడికిలి వాడి దవడ కింద పడింది. పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. రెండో దెబ్బకు దవడ పక్కకు జరిగిపోయింది, మూడో దెబ్బకు వాడు ఇనుప రేకుల మీద పడి చెవి చీల్చుకున్నాడు. వాడు "వదినా, వదినా" అంటున్నాడు, మాట సాగడం లేదు. నాలుగోది కూడా కొట్టేదే, మెడ మీద పాదం పెట్టి తొక్కేదే. మొద్దు ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషికి ఎక్కడ ఎంత తొక్కితే ఏం పోతుందో తెలియదా? కానీ లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. ఇంత గొడవకూ చిన్నది ఒక్క కేకైనా వెయ్యలేదు. పెద్దక్కకు అప్పుడు భయం వేసింది. పుట్టాక మొదటిసారి కావచ్చు.

ఒంటిచేత్తో బండెక్కి మొదటి గేరు వేసి వదిలింది. చక్రాలు మట్టిని తవ్వుకుంటూ కూరుకుపోయి, పట్టు దొరికాక ఒక్క గుంజు గుంజాయి. తలుపు చట్రంతో సహా, గోడలోని రెండు వరసల ఇటుకలతో సహా ఊడి వచ్చి నేల మీద ఈడ్చుకుపోయింది.

చిన్నది వంటగదిలో, పొయ్యి గట్టుకూ గోడకూ మధ్య ముడుచుకుని పడి ఉంది. ముఖం గుర్తుపట్టేలా లేదు, కానీ పెద్దక్క ముఖం చూడలేదు. పెదాల రంగు చూసింది, తెల్లగా ఉన్నాయి. కడుపు మీద చెయ్యి వేసింది, పలకలా గట్టిగా ఉంది. ఎడమపక్క డొక్క కింద నొక్కితే స్పృహ లేనిదానిలా ఉన్న మనిషి మూలిగింది. లోపల తెగింది ప్లీహం. మేకల్లో ఆ ముక్కను రోజూ తీసి పక్కన పెట్టే చెయ్యి అది, ఎంత చిన్నదో, తెగితే ఎంత నెత్తురు పోస్తుందో ఆ చేతికి తెలుసు. చెల్లెల్ని కుడిభుజం మీద వేసుకుని వీధిలోకి పరిగెత్తి, వస్తున్న ఆటోకు అడ్డంగా నిలబడింది.

డాక్టర్లు కడుపు కోసి ప్లీహం తీసేశారు. ఆరు సీసాల నెత్తురు ఎక్కించారు. రెండు రోజులు ఏ మాటా చెప్పలేదు. మూడో రోజు బతుకుతుందన్నారు. కొంచెం ముందు తెచ్చి ఉంటే ఇంతగా ప్రాణం మీదికి వచ్చేది కాదని ఆపరేషన్ చేసిన ఆయన ఎవరినీ తప్పుపట్టకుండానే అన్నాడు. మరిది అదే ఆసుపత్రి కింది అంతస్తులో, దవడకు తీగ కట్టించుకుని, మంచానికి బేడీతో ఉన్నాడు.

వాంగ్మూలం రాసుకోవడానికి ఒక మహిళా ఎస్సై వచ్చింది. పెద్దక్క భుజానికి కట్టుతో, పెదవికి కుట్లతో వరండాలో బల్ల మీద కూర్చుంది.

"అతను మీ దగ్గరికి ఎన్నింటికి వచ్చాడు?"

"తొమ్మిదిన్నరకి."

"అప్పటికే కొట్టేసి వచ్చాడు. అతని చేతికి దెబ్బ చూశారు, మీరే కట్టు కట్టారు. అవునా?"

"అవును."

"మీరు వాళ్ళింటికి చేరింది పదకొండున్నరకి. మధ్యలో ఈ రెండు గంటలూ ఏం చేశారు?"

పెద్దక్క చెప్పింది. ఎస్సై మంచిదే, తల ఊపి రాసుకుంది. రాసి, సంతకం పెట్టేముందు చదివి వినిపించాలి గనక వినిపించింది: "సదరు సమయమునందు తన పాత ట్రాక్టరును బాగుచేసుకొనుచుంటినని తెలియజేసినది." పెద్దక్క సంతకం పెట్టింది.

లోపలికి వెళ్తే చిన్నది మేలుకుని ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, రెండోది అక్క వైపు తిరిగింది. పెద్దక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. మాట్లాడితే పెదవి కుట్లు లాగుతున్నాయి.

"ఎందుకు చెప్పలేదే నాకు? ఇన్నేళ్ళు! ఒక్క మాట చెబితే వాణ్ణి నిలువునా నరికేదాన్ని కాదూ?"

"నీకు తెలుసనుకున్నానక్కా."

"తెలుసా? నాకా?"

"ప్రతిసారీ ఏదో ఒకటి నీకిచ్చేవాడు కదా. మొదటిసారి నువ్వు పసిగట్టేస్తావనుకున్నా. నీ దగ్గర ఏదీ దాగదు కదా. రెండోసారీ అనుకున్నా." ఆగి ఊపిరి తీసుకుంది. "తర్వాత, పోనీలే, అక్కకి ఆ బండంటే ప్రాణం కదా అనుకున్నా."

పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకోబోయి, తన చేతిని చూసుకుని, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ రోజు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు" అంది. "పనిలో ఉండి..."

"ఒక్కసారే చేశానక్కా. అంతలో చార్జింగ్ అయిపోయింది." చిన్నది కళ్ళు మూసుకుంది. గొంతులో నిష్ఠూరం లేదు, చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి ఆ రోజు సంగతులు చెప్పినట్టే చెప్పింది. "మాగ్నెటో మీ అక్కకిచ్చి వస్తానని చెప్పి తాళం వేసుకుపోయాడు. అయితే అక్క వస్తుంది, కానీ ఇవాళ ఆలస్యమవుతుందిలే అనుకుని పడుకున్నా. స్టార్ట్ చేసి చూడకుండా నువ్వు లేవవు కదా."